సముద్రము దాటిన తెలుగు బోధకుడు: నేటాలులో జాన్ రంగయ్యగారి సంఘసేవ (1903–1915)

తెలుగుదేశమున క్రైస్తవమత ప్రచార చరిత్ర యనగానే మనకు స్ఫురించునది పడమటి దేశములనుండి వచ్చిన దొరల కథ. ఓడ దిగుట, ఎండలకును జ్వరములకును లోనగుట, మున్షీని పెట్టుకొని తెలుగు నేర్చుట, వ్యాకరణములు నిఘంటువులు కూర్చుట, బడులును వైద్యశాలలును కట్టించుట, తుదకు ఇచటి మట్టిలోనే మట్టియగుట: ఈ వృత్తాంతము పలుమారు వ్రాయబడినది. దానికి రెండవ భాగమొకటి కలదు. దాని నెరిగినవారు తక్కువ. విదేశ బోధకులవలన మతమును స్వీకరించిన తెలుగువారు, డెబ్బది యేండ్లు తిరుగకముందే, తమలోని యొకనిని తామే యెన్నుకొని, తమ చందాలతోనే ఖర్చు భరించి, హిందూ మహాసముద్రము దాటించి, పరదేశమునకు బోధకునిగా పంపిరి. అట్లు పంపబడినవారు జాన్ రంగయ్యగారు. వారు చేరిన దేశము దక్షిణాఫ్రికాలోని నేటాలు. వారు పనిచేసినది తెల్లవారి నడుమ కాదు, ఆఫ్రికా జాతులవారి నడుమను కాదు. చెరకు తోటలలోను, తేయాకు తోటలలోను ఒప్పందపు కూలీలుగా బ్రదుకుచున్న తెలుగువారి నడుమ.

ఈ చరిత్ర ఒక మతశాఖవారికి మాత్రమే సంబంధించినది కాదు. స్వదేశమునకు దూరమైన తెలుగువారు తమ భాషను దేనిని ఆశ్రయించి నిలుపుకొనిరి, ఎట్లు పోగొట్టుకొనిరి అను ప్రశ్నకు ఇందొక సమాధానము కలదు. ధర్మపురి, కృష్ణగిరి మండలములలో, ఏరియూరు మొదలు హోసూరు వరకు గల పల్లెలలో, ఇంట తెలుగును వీధిలో తమిళమును పలుకుచు పెరుగు మన పిల్లల విషయమునను ఆ ప్రశ్న నేటికిని సజీవముగానే యున్నది.

వచ్చినవారు

ముందుగా పూర్వరంగమును సంగ్రహముగా చూతము. తెలుగు నేర్చి తెలుగున మతగ్రంథములను వ్రాయబూనిన తొలి ప్రొటెస్టంటు బోధకులలో జర్మను దేశీయుడగు బెంజమిన్ షుల్ట్జ్ ముఖ్యుడు. 18వ శతాబ్ది పూర్వార్ధమున అతడు మదరాసున నుండి బైబిలును తెలుగు చేయుటకు పూనుకొనెను. పిమ్మట 1805లో లండన్ మిషనరీ సంఘమువారి పక్షమున జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణము చేరిరి. వారిద్దరును ఐదారేండ్లలోపుననే మరణించిరి. అయినను వారు ఆనందరాయలను దేశీయ పండితుని సాయముతో ఆరంభించిన సువార్తల అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. భాష నేర్చుటయే ఆ కాలపు బోధకుని మొదటి తపస్సు. సంత వేళ బజారులో నిలిచి మాటలాడుట, సాయంకాలము మున్షీ యెదుట కూర్చుండి వ్రాత దిద్దుకొనుట వారి నిత్యకృత్యములు. తెలుగు మాట్లాడలేని బోధకుడు తెలుగుదేశమున మూగవాడే.

అమెరికా దేశపు బాప్టిస్టు మిషనువారిలో మొదటివాడు శామ్యూల్ డే. అతడు 1836లో వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. పదునేండ్లు గడచినను ఫలితము మిక్కిలి స్వల్పముగా నుండుటచే, 1853లో అమెరికాలోని అధికారులు నెల్లూరు కేంద్రమును మూసివేయుదమాయని తర్జనభర్జన చేసిరి. అపుడు ఒంటరి నక్షత్రమని పేరు వడిన యా కేంద్రమును విడువరాదని తీర్మానమైనది. 1849లో వచ్చిన లైమన్ జ్యూయెట్, 1865లో వచ్చిన జాన్ క్లౌ ఆ పనిని కొనసాగించిరి. 1876–78 నాటి మహాక్షామమున క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగమును గుత్తకు తీసుకొని వేలమంది బీదలకు కూలి కల్పించెను. క్షామము తగ్గిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరిలో అధికసంఖ్యాకులు మాదిగ కులస్థులు. భూమి లేనివారు, పాదరక్షలు కుట్టి, కూలి చేసి బ్రదుకువారు.

మూసివేయుదమనుకొన్న కేంద్రము ఇట్లు విస్తరించిన తరువాత, 19వ శతాబ్ది కడపటి దశకమున తెలుగు బాప్టిస్టులు తమ సొంత హోం మిషనరీ సంఘము నొకదానిని స్థాపించుకొనిరి. పరులు పెట్టినది తినుటతో తృప్తిపడక, తామును ఇతరులకు పెట్టవలయునను తలంపు దీనికి మూలము. ఆ సంఘమునకు తొలి విదేశక్షేత్రమైనది నేటాలు.

వెళ్లినవారు

నేటాలునకు తెలుగువారు ఎట్లు చేరిరి? 1860 నవంబరు 16వ తేదీన మదరాసునుండి వచ్చిన ట్రూరో అను ఓడ డర్బను రేవున ఆగెను. అందు మూడువందల నలుబది మందికి పైగా భారతీయులుండిరి. అది మొదలు 1911లో వలస నిలిపివేయబడువరకు, నడుమ కొన్ని యేండ్ల విరామముతో, 1,52,000 మందికి పైగా ఒప్పందపు కూలీలు నేటాలు చేరిరి. వీరిలో సుమారు మూడింట రెండు వంతులవారు మదరాసు రేవున ఓడ యెక్కినవారు. ఉత్తరార్కాటు, చిత్తూరు, నెల్లూరు, గోదావరి, విశాఖపట్టణము ప్రాంతములనుండి తరలిన తెలుగువారు వారిలో పెక్కురు.

ఒప్పందము అయిదేండ్లకు. మొదటి యేట నెలకు పది షిల్లింగుల కూలి. ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చు. బియ్యము, పప్పు, ఉప్పు, నూనె యజమాని యిచ్చు బత్తెము. నివాసము వరుస గదుల కొట్టములలో. ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు పని. ఆదివారము విశ్రాంతి. యజమాని యిచ్చిన అనుమతి చీటి లేనిదే తోట పొలిమేర దాటరాదు. దాటినచో జుల్మానాయో చెరసాలయో తప్పదు. రోగమున పనికి రానిచో ఆ దినపు కూలి పోవును. ప్రతి మనిషికి నొక సంఖ్య. కాగితములలో పేరుకంటె ఆ సంఖ్యకే విలువ హెచ్చు.

ఒప్పందము తీరినవారు స్వతంత్రులై అచటనే నిలుచుట తెల్లవారికి గిట్టలేదు. అందుచేత 1895లో ఒక చట్టము చేసి, తిరిగి ఒప్పందమునకు లోబడక, స్వదేశమునకు మరలక నిలిచిన ప్రతివానిపై ఏటికి మూడు పౌనుల పన్ను విధించిరి. మూడు పౌనులనగా అరువది షిల్లింగులు. మొదటి యేటి కూలి లెక్కను అది ఆరు నెలల సంపాదన. 1903లో ఈ పన్ను పదునారేండ్లు దాటిన కుమారులకును, పదుమూడేండ్లు దాటిన కుమార్తెలకును విస్తరింపబడెను. అంతకుముందే, 1896లో, భారతీయులకు శాసనసభకు ఓటు వేయు హక్కు లేకుండ చేసిరి.

ఈ జనులలో తెలుగు బాప్టిస్టులు కొందరుండిరి. తమ యూళ్లలో బాప్తిస్మము పొంది, క్షామముచేతనో ఋణముచేతనో ఓడ యెక్కినవారు వీరు. నేటాలున అప్పటికే భారతీయుల నడుమ పనిచేయు బోధకులు లేకపోలేదు. సింహళద్వీపమున తమిళము నేర్చిన రాల్ఫ్ స్టాట్ అను మెథడిస్టు బోధకుడు 1862లోనే వచ్చి తమిళుల నడుమ సేవ ప్రారంభించెను. కతోలిక, ఆంగ్లికను శాఖలవారును పనిచేయుచుండిరి. కాని అచట బోధ సాగినది ముఖ్యముగా తమిళ హిందీ భాషలలో. తెలుగువాడు మదరాసునుండి వచ్చినవాడే గనుక అతనిని మదరాసీ యని తమిళులలో కలిపి లెక్కించుట పరిపాటి. 1903 జూన్ నెలలో డర్బనున వెలువడనారంభించిన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ విభాగములు మాత్రమే యుండెను, తెలుగు లేదు. సంఖ్యలో గణనీయులైనను వినబడని జనముగా తెలుగువారు అచట నుండిరి.

ఈ స్థితిలో నేటాలులోని తెలుగు బాప్టిస్టులు స్వదేశమునకు వార్త పంపిరి. తమకు తెలుగున బోధించువాడు కావలెనని వారి కోరిక. ధనమును కోరలేదు, కట్టడమును కోరలేదు. తమ మాట తెలిసిన మనుష్యుని కోరిరి.

1903: రెండు ప్రయాణములు

ఆ విన్నపము నాలకించి తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సంఘమువారు నెల్లూరు మిషనునకు చెందిన జాన్ రంగయ్యగారిని ఎన్నుకొనిరి. వారు 1866 ప్రాంతమున జన్మించినవారు. అప్పటికి నడివయస్కులు, కుటుంబీకులు. 1903లో వారు సకుటుంబముగా నేటాలునకు బయలుదేరిరి. ఒప్పందపు కూలీలు పయనించిన సముద్రమార్గముననే వీరును పయనించిరి; భేదమేమనగా వీరి చేత ఒప్పందపు కాగితము లేదు.

ఇచట తమిళనాటి తెలుగువారు గమనింపదగిన విశేషమొకటి కలదు. అదే 1903వ సంవత్సరమున తిరునెల్వేలిలోని తమిళ క్రైస్తవులు, వి. ఎస్. అజరయ్యగారి ప్రోత్సాహమున, ఇండియన్ మిషనరీ సొసైటీ నొకదానిని నెలకొల్పిరి. వారెన్నుకొన్న క్షేత్రము తెలుగుదేశమున నైజాము రాజ్యములోని డోర్నకల్లు. తమిళులైన బోధకులు తెలుగు నేర్చి డోర్నకల్లు పల్లెలలో పనిచేసిరి. అజరయ్యగారు 1912లో డోర్నకల్లు బిషపులైరి. ఆంగ్లికను శాఖలో ఆ పదవి నధిష్ఠించిన ప్రథమ భారతీయులు వారే. ఇట్లు ఒక్క యేడే తమిళులు తెలుగుదేశమునకును, తెలుగువారు నేటాలునకును బోధకులను పంప సంకల్పించిరి. పాశ్చాత్యుల ధనముపై నాధారపడక స్వదేశీయులు స్వయముగా బోధకులను పంపుట ఆ దశాబ్దపు నూతన లక్షణము. జాతీయోద్యమమున స్వదేశీ భావము ప్రబలుచున్న కాలమున క్రైస్తవ సంఘములలోను ఆ గాలి వీచినదని చెప్పుట అసంగతము కాదు.

రెండు ప్రయాణములకును భేదము కలదు. అజరయ్యగారు పరభాషలోనికి పోయిరి. రంగయ్యగారు స్వభాషను వెంటగొని పరదేశమునకు పోయిరి. మొదటివారికి వలసినది క్రొత్త భాషను నేర్చు ఓర్పు. రెండవవారికి వలసినది పాత భాషను నిలుపు ఓర్పు. రెండవది సులభమని తోచును కాని కాదు.

కియర్స్నీ తోట

డర్బనునకు ఉత్తరముగా, సముద్రతీరము వెంబడి సుమారు నలుబదియైదు మైళ్ల దూరమున స్టాంగరు అను పట్టణము కలదు. నేడు దాని పేరు క్వాడుకూజా. దానికి లోతట్టున, కొండ దిగువల యందు, కియర్స్నీ అను తోట యుండెను. యజమాని సర్ జేమ్స్ లీజ్ హ్యూలెట్. కాఫీ తెగులు తగిలి నశింపగా అతడు 1877లో అచట తేయాకు నాటించెను. నేటాలు తేయాకు వ్యాపారమున అతడే అగ్రగణ్యుడు. అతడు రాజకీయ నాయకుడు. మెథడిస్టు శాఖలో ప్రసంగములు చేయు భక్తుడును. అతని తోటలో వందలకొలది భారతీయులు ఆకు కోసిరి. చెరకు నరకుట బలిష్ఠుల పని. తేయాకు కోయుట స్త్రీలును పిల్లలును చేయగల పని. కావున తేయాకు తోటలలో కుటుంబములు ఒకచోట నుండుటకు కొంత వీలు కలిగెను. సంఘము నిలుచుటకు కుటుంబములు కావలెను. తొలి తెలుగు బాప్టిస్టు సంఘము చెరకు తోటలో గాక తేయాకు తోటలో వెలయుటకు ఇదియు నొక కారణమై యుండును.

రంగయ్యగారు నేటాలు చేరిన యేడే, 1903 డిసెంబరు మాసమున, కియర్స్నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడెను. దక్షిణాఫ్రికాలో భారతీయుల బాప్టిస్టు సంఘములన్నిటికిని ఇదియే ఆది. పిమ్మట స్టాంగరు, డార్నల్, డర్బను మొదలగు చోట్ల సంఘములు వెలసినవి. ఇవి యన్నియు చేరి నేటాలు తెలుగు బాప్టిస్టు అసోసియేషనుగా నేర్పడినవి.

ఒక్క బోధకుడు ఇన్నిచోట్ల చిన్న సంఘములను ఎందుకు స్థాపింపవలసి వచ్చినది? పైని చెప్పిన అనుమతి చీటిని తలంచిన కారణము తెలియును. స్వదేశమున ఒక ఊరిలో గుడి కట్టినచో చుట్టుపట్ల పది పల్లెలవారు నడచి వత్తురు. నేటాలు తోటలలో అది పొసగదు. పొలిమేర దాటినవాడు నేరస్థుడు. సంఘము గురువునొద్దకు రాజాలదు గనుక గురువే సంఘమునొద్దకు పోవలయును. చీటి యక్కరలేని స్వతంత్ర ప్రయాణికుడగుటచే రంగయ్యగారు తోటనుండి తోటకు తిరుగగలిగిరి. ఒక విధముగా ఆ తోటలను ఒకదానితో నొకటి కలిపిన తెలుగు దారము వారే.

వారి దినచర్య ఈ పరిస్థితులనుండి ఏర్పడినదే. పగలు కూలీలు పొలముననుందురు. కావున పగటివేళ వ్యాధిగ్రస్తులను, బాలింతలను, వృద్ధులను చూచుట. సంధ్యవేళ పని విడిచి వంట ముగిసిన తరువాత కొట్టముల యెదుట ప్రార్థన. ఆదివారము ఆరాధన, పిల్లలకు సండే స్కూలు. బాప్టిస్టు సంప్రదాయమున శిశువులకు బాప్తిస్మము లేదు. తెలివి వచ్చిన వ్యక్తి తన విశ్వాసమును సంఘము నెదుట తన నోట చెప్పవలయును. అటుపిమ్మట నీట ముంచి బాప్తిస్మ మిత్తురు. తన నోట చెప్పవలయునన్నప్పుడు తనకు వచ్చిన భాషలో చెప్పవలయును. కాబట్టి తెలుగు బోధకుడు లేనిదే తెలుగు కూలికి సంఘ ప్రవేశమే కష్టము. భాష ఇచట అలంకారము కాదు, ద్వారము.

మరియొక విషయము. బాప్టిస్టు సంఘమున పెద్దలను పై యధికారి నియమింపడు, సభ్యులే ఎన్నుకొందురు. లెక్కలు సభ్యుల యెదుట చదువబడును. ఎవరిని చేర్చుకొనవలయును, ఎవరిని మందలింపవలయును అనునవి సభలో నిర్ణయింపబడును. నేటాలు రాజ్యమున ఓటు లేని మనుష్యుడు, తోటలో సంఖ్యగా మాత్రమే పిలువబడు మనుష్యుడు, ఆదివారమునాడు తన సంఘమున పేరుతో పిలువబడి, చేయెత్తి తన సమ్మతి తెలుపగలిగెను. ఈ చిన్న గౌరవము యొక్క విలువను ఆ తోటలలో బ్రదికినవారే యెరుగుదురు.

ఆరాధనలో కీర్తనల స్థానము గొప్పది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగువారు రాగతాళములతో రచించిన కీర్తనలు అప్పటికే తెలుగు సంఘములన్నిట వ్యాపించి యుండెను. చదువు రానివారికి కీర్తనయే గ్రంథము. విని నేర్చి, నోట నిలుపుకొని, పిల్లలకు నేర్పుదురు. పరదేశమున పుట్టిన శిశువు చెవిని పడు తెలుగు రెండు విధములు: ఒకటి తల్లి పలుకు యాస తెలుగు, రెండవది గుడిలో చదువబడు గ్రంథపు తెలుగు. నెల్లూరివాడు, చిత్తూరివాడు, విశాఖవాడు ఒక్క కొట్టమున చేరి తమ తమ యాసలలో మాటాడుకొనుచుండగా, అందరికిని సామాన్యమైన తెలుగును బైబిలును కీర్తనలును సమకూర్చినవని చెప్పవచ్చును.

తోట యజమానులు, పన్నులు

బోధకుని స్థానము సుకరమైనది కాదు. సంఘము నిలుచు నేల యజమానిది. అతని యనుమతి లేనిదే ఆరాధన స్థలము లేదు. అతడు భక్తుడైనను యజమానియే. అదే దేశమున మూడు పౌనుల పన్ను కుటుంబములను నలిపివైచుచుండెను. పన్ను కట్టలేక అనేకులు మరల అయిదేండ్లకు, ఆపైని మరల అయిదేండ్లకు ఒప్పందములలో చిక్కుకొనిరి. స్వతంత్రుడైన సంఘ సభ్యుడు మరల కూలి సంఖ్యగా మారుచుండెను.

1913 మార్చిలో కేపు న్యాయస్థానమున సర్ల్ న్యాయమూర్తి యిచ్చిన తీర్పు ప్రకారము క్రైస్తవ విధిని జరుగని వివాహములకు చెల్లుబాటు పోయెను. హిందూ ముస్లిము స్త్రీలు ఒక్కసారిగా ధర్మపత్నీత్వమును గోల్పోయిన స్థితి యేర్పడెను. తెలుగు బాప్టిస్టుల వివాహములకు ఆ భంగము కలుగలేదు. కాని వారి తోబుట్టువులు, దాయాదులు, ప్రక్క గదివారు పెక్కురు హిందువులే. ఒక కొట్టమున ఒక గోడ కిరుప్రక్కల ఒకరి పెండ్లి చెల్లి, మరియొకరిది చెల్లకపోవుట ఎట్టి మనోవ్యథను కలిగించునో ఊహింపనగును. ఆ సంవత్సరమే అక్టోబరు, నవంబరు మాసములలో గాంధీగారి నాయకత్వమున సమ్మె సాగినది. న్యూకాసిల్ బొగ్గు గనులలో మొదలై, తీరమునందలి చెరకు తోటలకు పాకెను. కూలీలు వేలకొలదిగ పని మానిరి. తుదకు 1914లో ఇండియన్ రిలీఫ్ చట్టముచే మూడు పౌనుల పన్ను రద్దాయెను. వివాహముల చిక్కును తీరెను.

ఎడింబరో సభ

1910 జూన్ నెలలో స్కాట్లండునందలి ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. పండ్రెండువందలకు పైగా ప్రతినిధులు వచ్చిరి. అందు ఆసియా దేశస్థులు ఇరువదికి మించలేదు. భారతీయులైన కొలదిమందిలో అజరయ్యగారొకరు, జాన్ రంగయ్యగారొకరు. అజరయ్యగారు ఆ సభలో విదేశ బోధకులు దేశీయులను సేవకులుగా గాక స్నేహితులుగా చూడవలయునని నిర్భయముగ పలికిరి. ఆ ప్రసంగము చరిత్ర ప్రసిద్ధము.

రంగయ్యగారి ప్రసిద్ధి అంతటిది కాదు. కాని ఆ సభలో వారి సాన్నిధ్యమునకే అర్థము కలదు. ప్రతినిధులలో అధికులు ఐరోపా, అమెరికాలనుండి ఆసియాకును, ఆఫ్రికాకును వెళ్లినవారు. ఆసియానుండి ఆఫ్రికాకు వెళ్లిన బోధకుడు అచట అపురూపము. అరువది యేండ్ల క్రిందట మూసివేయదలచిన నెల్లూరు కేంద్రమే యిట్టివానిని పంపినది. బోధ పడమటనుండి తూర్పునకే ప్రవహించునని తలంచిన సభకు వారి యునికి యొక ప్రత్యుత్తరము.

చీలిక, మరణము

సంఘము పెరిగినకొలది భేదములును పెరిగినవి. రంగయ్యగారు జీవించియుండగనే కొన్ని సంఘములు విడివడి నేటాలు ఇండియన్ బాప్టిస్టు అసోసియేషను అను వేరు సంస్థగా నేర్పడినవి. స్వతంత్రముగ ఎన్నుకొని నిర్ణయించుకొను సంఘ పద్ధతిలో ఇట్టి చీలికలు క్రొత్త కావు. అయితే రెండు సంస్థల పేర్లను గమనింపుడు. ఒకదాని పేరున ‘తెలుగు’, మరియొకదాని పేరున ‘ఇండియన్’. నేటాలు తెలుగువాని యెదుట నున్న రెండు మార్గములను ఈ రెండు మాటలు సూచించుచున్నవి. తెలుగుగా నిలిచినచో భాష నిలుచును, కాని ప్రక్కనున్న తమిళుడు, హిందీవాడు వెలి యగుదురు. ఇండియనుగా విస్తరించినచో అందరును చేరుదురు; అపుడు అందరికిని సామాన్యమైన భాష ఇంగ్లీషే యగును. ఈ సంకటమునకు తప్పు బట్టదగినవారు ఎవ్వరును లేరు. బయట నివసించు ప్రతి చిన్న జాతికిని ఇది యెదురగునదే.

రంగయ్యగారు 1915లో నేటాలులోనే మరణించిరి. పండ్రెండేండ్ల సేవ. తెలుగుదేశమున ప్రాణములు విడిచిన పాశ్చాత్య బోధకుల సమాధులను మనము చూపుదుము. ఆఫ్రికాలో ప్రాణములు విడిచిన తెలుగు బోధకుని పేరు మన పాఠ్యపుస్తకములలో కానరాదు.

తరువాతి కథ

1911లో కూలీల వలస నిలిచిపోగా నేటాలు తేయాకు తోటలు క్షీణించినవి. కియర్స్నీ కొండలపై తేయాకు పోయి చెరకు వచ్చినది. హ్యూలెట్ వారి భవనమున 1921లో కియర్స్నీ కళాశాల యను తెల్లవారి బాలుర పాఠశాల వెలసి, 1939లో వేరొక చోటికి తరలిపోయెను. తోటలు విడిచిన తెలుగు కుటుంబములు స్టాంగరు, టోంగాటు, డర్బను ప్రాంతములకు చేరినవి. క్రొత్తగా ఓడలలో వచ్చు తెలుగువారు లేకపోవుటచే, భాషకు స్వదేశపు ఊట ఆగిపోయినది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము వలన కుటుంబములు మరల పెకలింపబడి, చాట్స్‌వర్త్ మొదలగు క్రొత్త పేటలకు తరలవలసి వచ్చెను. బడిలో ఇంగ్లీషు, వీధిలో ఇంగ్లీషు, తుదకు గుడిలోను ఇంగ్లీషు. వృద్ధులు తెలుగున ప్రార్థింప, యువకులు ఇంగ్లీషున ఆమెన్ పలికిరి. కొంతకాలమునకు ‘తెలుగు’ అను మాట అసోసియేషను పేరునుండియు తొలగినది.

గుడి మాత్రమే భాషను నిలుపలేదని దీనివలన తేలుచున్నది. ఆరాధనలో నిలిచినది, బడిలో నిలువలేదు; బడిలో నిలువనిది మూడవ తరమున ఇంట నిలువలేదు. ఈ సత్యమును హిందువులైన తెలుగువారును గ్రహించిరి. 1931లో డర్బనున ఆంధ్ర మహాసభ స్థాపింపబడి, మతభేదము లేక తెలుగు బోధనకు పూనుకొనెను. తెలుగు భాషకు, పండుగలకు, సంగీతమునకు ఆ సభ చేసిన సేవ ప్రశంసనీయము. 1996లో ఆమోదింపబడిన దక్షిణాఫ్రికా రాజ్యాంగపు ఆరవ ప్రకరణమున, ప్రోత్సహింపదగిన, గౌరవింపదగిన భాషలలో గుజరాతీ, హిందీ, తమిళము, ఉర్దూలతోపాటు తెలుగును పేర్కొనబడినది. భారతదేశమునకు వెలుపల మరియొక దేశపు రాజ్యాంగమున తెలుగు పేరు ఎక్కుట సామాన్య విషయము కాదు. 1903లో పత్రికలో విభాగము లేని భాషకు, తొంబదిమూడేండ్లకు రాజ్యాంగమున స్థానము దొరకినది. కాని ఆ స్థానము లభించునప్పటికి ఆ భాషను చదువగలవారు మిక్కిలి తగ్గిపోయిరి. చట్టము తలుపు తెరువగలదు; లోనికి నడచుట మనుష్యుల పని.

ముగింపు

నేటాలు తెలుగువారికిని తమిళనాటి తెలుగువారికిని పోలికలు కొన్నియే. మనవారు ఒప్పందముపై వచ్చినవారు కారు. శతాబ్దములుగా ఈ నేలపై సేద్యము చేయుచున్నవారు. సరిహద్దు దాటిన తెలుగుదేశము చేరువనే కలదు. అయినను బడి విషయమున మన స్థితి వారి స్థితికి దగ్గర. 2006లో తమిళమును నిర్బంధ పాఠ్యముగ చేసిన చట్టము వెలువడిన పిమ్మట ధర్మపురి, కృష్ణగిరి మండలములలోని తెలుగు బడుల భవిష్యత్తు తరచు చర్చకు వచ్చుచున్నది. తమిళము నేర్చుటవలన ఎవ్వరికిని నష్టము లేదు. డోర్నకల్లు వచ్చిన తమిళులు తెలుగు నేర్చినందున వారి తమిళము తరుగలేదు. ఒక భాష నేర్చుట మరియొక భాషను మరచుటగా పరిణమించినపుడే నష్టము.

రంగయ్యగారి చరిత్రనుండి మనము గ్రహింపదగినవి రెండు. మొదటిది: తెలుగున మాటలాడు మనుష్యుని కొరకు కూలీలు స్వదేశమునకు వార్త పంపిరి. నెలకు పది షిల్లింగుల కూలి తెచ్చుకొనువారికి అది అత్యవసరముగా తోచినది. రెండవది: ఆ వార్త విని, తామే నిరుపేదలైనవారు మనిషిని పంపిరి. భాషను కోరిన చేతులును, భాషను పంపిన చేతులును రెండును శ్రమజీవులవే. పండితుల సభలకంటె ముందు, ప్రభుత్వముల శాసనములకంటె ముందు, తెలుగు సముద్రము దాటినది ఈ చేతుల మీదుగనే.

కియర్స్నీలో నేడు తేయాకు లేదు. అచట తొలుత తెలుగున ప్రార్థించినవారి మునిమనుమలు నేడు ఇంగ్లీషున ప్రార్థించుచున్నారు. వారి పేర్లలో రెడ్డి, నాయుడు, అయ్య, అమ్మ అను తెలుగు మాటలు ఇంకను మిగిలి యున్నవి. పేరున మిగిలిన భాషను నోటికి మరల తెచ్చుట కష్టమే. నోట నున్నపుడే దానికి అక్షరములు నేర్పుట సులభము. మన పిల్లల నోట తెలుగు ఇంకను కలదు.